రోస్టర్‌లో లేని నిద్ర

లక్ష్మీ నగర్ అంటే ఢిల్లీలో ఎవరికైనా సీఏ కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. వికాస్ మార్గ్ పొడుగునా ర్యాంకర్ల ఫొటోలు, కరెంటు స్తంభాలకు ‘గర్ల్స్ పీజీ’ కాగితాలు, సందుకో ఫొటోస్టాట్ దుకాణం. ఆ పీజీల్లోనే, చదువుకునే పిల్లల పక్క మంచాల మీద, పగలు పడుకునే ఆడవాళ్లం కొందరం ఉన్నాం. పొద్దున ఎనిమిదికి హ్యాండోవర్ ఇచ్చి, మెట్రోలోనో షేర్ ఆటోలోనో గది చేరి, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటాం. తెనాలి దగ్గర పల్లె నుంచి నేను, శ్రీకాకుళం జిల్లా నుంచి ఒకమ్మాయి, కొట్టాయం వాళ్లు, మణిపూర్ వాళ్లు. అందరం నర్సులమే.

మేం నలుగురం కూడితే జీతం మాట ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. డాక్టర్ల సంగతి పది నిమిషాలు. నైట్ డ్యూటీలో తోటి నర్సు పడుకున్న మాట ఎత్తితే మాత్రం కంచాల్లో అన్నం చల్లారిపోతుంది. ఒక్కొక్కరి దగ్గరా ఒక కథ ఉంటుంది, ఆ కథలో ఇంకా ఆరని మంట ఉంటుంది. ఈ మంట ఎప్పటి నుంచి ఉందో తెలుసుకోవాలని పాత పుస్తకాలూ నివేదికలూ చదవడం మొదలుపెట్టాను. నర్సు నిద్ర మీద తగవు నర్సు వృత్తి అంత పాతదని తేలింది. తగవు వచ్చిన ప్రతిసారీ నిద్రపోయిన మనిషిని నిలదీశారు. ఆమె ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు పడుకోవాలో రాయని డ్యూటీ రోస్టర్‌ను నిలదీసిన వాళ్లు చాలా తక్కువ.

ముందుగా ఆ కోపం ఎందుకు న్యాయమైనదో చెప్పాలి. కొన్నేళ్ల కిందట యమునకు ఇవతల ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. ఇరవై రెండు పడకల వార్డు, రాత్రికి ఇద్దరం. చెరో పదకొండు మంది. నా తోటి సిస్టర్ వయసులో నాకంటే చిన్నది. ఒంటిగంట దాటాక మందులిచ్చి వచ్చేసరికి ఆమె డ్యూటీ రూమ్‌లో రెండు కుర్చీలు కలిపి, ముఖం మీద చున్నీ కప్పుకుని పడుకుని ఉంది. నాతో మాట చెప్పలేదు, రోగులను అప్పగించలేదు. రెండు దాటాక ఆమె వైపు నుంచి ఒక ముసలాయన కొడుకు పరుగున వచ్చాడు. “సిస్టర్‌జీ, బోతల్ ఖతం.” వెళ్లి చూస్తే సలైన్ ఎప్పుడో అయిపోయింది, రక్తం వెనక్కి తన్ని గొట్టంలో జానెడు పైకొచ్చింది. కాన్యులా ఫ్లష్ చేస్తుంటే పక్క పడక మీద చెయ్యి పడింది, దుప్పటి తడిగా తగిలింది. అది చెమట. ఇన్సులిన్ మీదున్న మనిషి. పిలిస్తే మూలిగాడు తప్ప కళ్లు తెరవలేదు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 46. రెండింటికి చూడాల్సిన షుగర్ ఎవరూ చూడలేదు. ఇరవై ఐదు శాతం డెక్స్ట్రోజ్ ఎక్కించాను. కళ్లు తెరిచి నా వైపు చూసేదాకా అతని మణికట్టు వదల్లేదు.

అదృష్టం బాగుండి ఇద్దరూ దక్కారు. నన్ను ఇప్పటికీ మండించేది మాత్రం ఆ తర్వాత జరిగింది. ఆమె ఐదింటికి లేచి చార్టులు ముందేసుకుంది. రెండింటి బీపీ, నాలుగింటి బీపీ, నాడి, ఊపిరి వరసగా నింపేసింది. పదకొండు మందికీ 120/80, కాదంటే 110/70. అందరికీ ‘రోగి బాగా నిద్రపోయారు’ అని రాసింది. పొద్దున హ్యాండోవర్‌లో ఆ కాగితాలు చూసే డాక్టరు మందు పెంచాలా తగ్గించాలా తేల్చుకుంటాడు. నిద్ర కొన్ని గంటలది. ఆ రాసిన అంకె రోగి కేస్‌షీట్‌లో ఉండిపోతుంది. ఇలాంటి రాత్రి గడిపిన నర్సు కోపంగా ఉందంటే ఆమె మనసు సంకుచితం కాదు. రోగి తరఫున కోపం తెచ్చుకోవడానికి ఆ వేళలో వార్డులో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

నైట్ నర్సు నిద్రకు ఇంగ్లీషు వాళ్ల సాహిత్యంలో ఒక పేరే ఉంది. చార్లెస్ డికెన్స్ 1843, 44 సంవత్సరాల్లో సీరియల్‌గా రాసిన ‘మార్టిన్ చజిల్‌విట్’ నవలలో సెయిరీ గ్యాంప్ అనే ముసలి నర్సు వస్తుంది. రాత్రిపూట రోగి కాపలాకు కుదిరి, తాగి, తన సుఖం తాను చూసుకునే మనిషి. ఆ పాత్ర ఎంత నాటుకుపోయిందంటే, తర్వాత నర్సింగ్‌ను బాగుచేయాలని పూనుకున్న వాళ్లంతా ‘గ్యాంప్ లాంటి వాళ్లు ఇక వద్దు’ అనే చోటి నుంచే మొదలుపెట్టారు. పాత నర్సు తాగుబోతు, నిద్రమొహం. కొత్త నర్సు శుభ్రంగా, మెలకువగా ఉంటుంది. ఈ లెక్కలో నిద్ర ఒక గుణదోషమైపోయింది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ మాత్రం ఆ లెక్క అంత తేలిగ్గా వేయలేదు. 1854లో ముప్ఫై ఎనిమిది మంది నర్సులతో క్రిమియా యుద్ధపు స్కుటారీ ఆస్పత్రికి వెళ్లిన ఆమెను లోకం దీపం పట్టుకుని రాత్రి రౌండ్లు తిరిగిన మనిషిగా గుర్తుపెట్టుకుంది. ఆమె రాసిన ఇంకో సంగతి అంతగా ఎవరికీ గుర్తులేదు. ఆ రోజుల్లో లండన్‌లోని ఒక ఆస్పత్రిలో నర్సులు వార్డు తలుపుల బయట, మెట్ల మలుపుల దగ్గర, చెక్కబోనుల్లో పడుకునేవారట. గాలీ వెలుతురూ ఉండవు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకోవాల్సిన నర్సుకు ఆ రొదలో నిద్ర పట్టడం అసాధ్యమని ఆమె రాసింది. రాత్రి తూగిన నర్సును చూసి, ఆ నర్సు పగలు ఎక్కడ పడుకుందని అడిగిన మొదటి మనిషి నాకు తెలిసినంతలో ఆమే.

ఆ మాట చదివినప్పుడు నా గదిలోనే ఉన్నాను. ఒక పెద్ద గదిని ప్లైవుడ్‌తో మూడు చేసి అద్దెకిచ్చారు. కిటికీ తెరిస్తే ఎదురు గోడ చేతికి అందుతుంది. కింద ఈ-రిక్షా హారన్లు, పక్కింట్లో ఎవరో డ్రిల్లింగ్ పెట్టించుకుంటున్నారు, పక్క పార్టిషన్‌లో అకౌంట్స్ పాఠం ఫోన్ స్పీకర్‌లో నడుస్తోంది. మంగళవారమైతే మంగళ్ బజార్ రద్దీ అదనం. జూన్‌లో డాబా కింది గదిలో కూలర్ వేడిగాలే చిమ్ముతుంది. ఇక్కడి నుంచే మళ్లీ రాత్రి ఎనిమిదికి, పన్నెండు గంటలు కళ్లు తెరుచుకుని ఉండటానికి బయలుదేరాలి. లండన్ చెక్కబోను ఎక్కడికీ పోలేదు, అద్దె మాత్రం మేమే కడుతున్నాం.

నైటింగేల్ పేరు మీద ఆస్పత్రి కట్టడమే మారిపోయింది. ఇరువైపులా వరసగా పడకలు, దాదాపు ముప్ఫై, మధ్యలో దారి, ఒక చోట నిలబడితే అందరూ కనిపించే పొడుగాటి హాలు. గాలీ వెలుతురూ ధారాళంగా రావాలని అలా కట్టారు. దానివల్ల ఇంకో సదుపాయం కూడా కుదిరింది: తక్కువ మంది నర్సులతో ఎక్కువ మందిని కనిపెట్టుకోవచ్చు. మన దేశంలో సర్కారు జనరల్ వార్డులు చాలావరకు ఆ పోలికలోనే వెలిశాయి. ఆ హాల్లో రాత్రికి ఒక నర్సు, ఒక ఆయా చాలనే నమ్మకం కూడా కట్టడంతో పాటే వచ్చింది.

మన తెలుగు నేల మీదికి ఈ వృత్తి మిషన్ ఆస్పత్రుల దారిన వచ్చింది. గుంటూరుకు 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ ముందు డిస్పెన్సరీ నడిపి, 1898లో ఆస్పత్రి తెరిచారు. ఆమెకు తోడుగా కేథరిన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు 1894లో గుంటూరు చేరి, తెలుగు ఆడపిల్లలకు నర్సు పని నేర్పారు. ఆ ఆస్పత్రికి వచ్చే రోగుల బంధువులు వండుకుని తలదాచుకోవడానికి ఏలూరు రాజావారు సత్రం కట్టించారు. నర్సు చరిత్రలో ఆ సత్రానికి పెద్ద చోటే ఇవ్వాలి. మన దగ్గర రోగి ఒంటరిగా ఆస్పత్రికి రాడు. తల్లో, చెల్లెలో, పెళ్లామో మంచం కింద చాప వేసుకుని పడుకుంటుంది. బాటిల్ అయిపోతే, ఆయాసం ఎక్కువైతే, లేచి వచ్చి సిస్టర్‌ను పిలిచేది ఆమే. మన ఆస్పత్రుల రాత్రి కాపలా సగం ఆ చాప మీదే నడిచింది. నర్సుల లెక్క తక్కువ పడినా ఇన్నాళ్లూ గుట్టు బయటపడకపోవడానికి ఆ చాపే కారణం. ఆ తోడు లేని ఐసీయూలో నర్సు నిద్రకు అందుకే అంత ఖరీదు.

మా పెద్దమ్మ 1960లలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు శిక్షణ పొందింది. ఆమె చెప్పే నైట్ డ్యూటీలో కుర్చీ దాదాపు కనిపించదు. రాత్రి పన్నెండయ్యాక కూర్చుంటే కన్నంటుకుంటుందని చేతికి పని పెట్టేవాళ్లు. గాజ్ గుడ్డ మడతలు వేయడం, దూది ఉండలు చుట్టడం, డ్రమ్ములు సర్దడం, మర్నాటి చార్టులకు స్కేలుతో గీతలు కొట్టడం. నైట్ సిస్టర్ మెత్తటి జోళ్లు వేసుకుని ఏ వేళకు వస్తుందో తెలిసేది కాదు. పగటి రిపోర్టు నీలం సిరాతో, రాత్రి రిపోర్టు ఎర్ర సిరాతో రాయాలి. “ఎర్ర సిరా అంటే ఒట్టు లాంటిదే అమ్మాయ్, దాంట్లో అబద్ధం రాస్తే ఒళ్లు కంపరమెత్తేది” అనేది. పెద్దమ్మ తరానికి నిద్ర రాలేదని నేను అనుకోను. వాళ్లకు హాస్టల్ ఆస్పత్రి కాంపౌండ్‌లోనే ఉండేది, పగలు నైట్ నర్సుల గది దగ్గర గట్టిగా మాట్లాడితే వార్డెన్ ఊరుకునేది కాదు, మధ్యాహ్నం అన్నం దాచిపెట్టేవాళ్లు. కట్టడి ఎంత ఉందో కాపు కూడా అంత ఉంది. మా కాలానికి వచ్చేసరికి కాపు పోయి కట్టడి ఒక్కటే మిగిలింది.

చట్టం కూడా ఈ వృత్తిని ఒక్కొక్క మెట్టూ ఎక్కించింది. 1871లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ ఆ రాష్ట్రంలోనివే కాబట్టి మన నర్సుల పేర్లూ రిజిస్టర్‌కెక్కాయి. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. చదువు ఎన్నేళ్లు, పరీక్ష ఎవరు పెట్టాలి, ఎవరిని నర్సు అనాలి అనేవన్నీ తేలాయి. రాత్రి ఎంతసేపు పనిచేయాలి, మధ్యలో ఎప్పుడు నడుం వాల్చాలి అనేది ఎక్కడా తేలలేదు.

అదే కాలంలో ఫ్యాక్టరీ ఆడవాళ్ల రాత్రుల గురించి ప్రపంచమంతా మాట్లాడింది. పరిశ్రమల్లో ఆడవాళ్లకు రాత్రి పని వద్దని 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది. భారతదేశం 1921లో దానికి ఒప్పుకుంది. 1948లో ఆ ఒడంబడికను తిరగరాసినప్పుడు ఆరోగ్య, సంక్షేమ సేవల్లో శరీరశ్రమ కాని పనిచేసే ఆడవాళ్లకు అది వర్తించదని తేల్చారు. రోగిని రాత్రి వదిలేయలేం కనుక ఆ మినహాయింపు సబబే. మినహాయించిన వాళ్లకు బదులుగా ఏం ఇవ్వాలో మాత్రం రాయలేదు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 47వ సెక్షన్, నూట యాభై మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో విశ్రాంతి గది ఉండాలంది. ఆస్పత్రి ఫ్యాక్టరీ కాదు. నర్సులకు ప్రత్యేకంగా అంతర్జాతీయ ఒడంబడిక 1977లో గానీ రాలేదు. దాన్ని మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు.

ఇక ఢిల్లీ. పాత ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్ ఆస్పత్రి, 1916లో లేడీ హార్డింజ్ కాలేజీ, 1936లో తెరిచిన ఇర్విన్ ఆస్పత్రి (ఇప్పటి లోక్‌నాయక్) ఈ ఊళ్లో నర్సు వృత్తికి పాదులు. 1946లో ఇక్కడే కాలేజ్ ఆఫ్ నర్సింగ్ పెట్టి నర్సింగ్‌లో డిగ్రీ చదువు మొదలుపెట్టారు. అదే ఇప్పటి రాజకుమారి అమృత్ కౌర్ కాలేజీ. సరిగ్గా ఆ ఏడే, దేశ ఆరోగ్య సేవల మీద వేసిన సర్ జోసెఫ్ భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. దేశం మొత్తానికి దాదాపు 7,000 మంది నర్సులున్నారని, అంటే 43,000 మంది జనానికి ఒక్కరని లెక్క తేల్చింది. ముందు ముందు 500 మందికి ఒకరుండాలని చెప్పింది. 43,000 మందికి ఒక నర్సు ఉన్న దేశంలో రాత్రి వార్డు ఎలా నడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒక్కరే ఉన్నచోట నిద్ర గురించి మాట్లాడటానికే వీల్లేదు. ఆ లేమి నుంచే మన అలవాటు పుట్టింది: నర్సు నిద్రపోదని కాగితం మీద రాసుకుందాం, నిజంగా ఏం జరుగుతుందో అడగొద్దు.

యమునకు ఇవతలి ఢిల్లీ ఆ తర్వాత పెరిగింది. అనుమతి లేకుండా వెలిసిన కాలనీలు అంతస్తు మీద అంతస్తు లేపాయి. 2010 నవంబర్ 15 రాత్రి ఎనిమిది ప్రాంతంలో లక్ష్మీ నగర్ లలితా పార్కులో అద్దెవాళ్లతో కిక్కిరిసిన ఒక ఐదంతస్తుల భవనం కూలి అరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది బీహార్, బెంగాల్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. ఆస్పత్రుల్లో రాత్రి ఎనిమిది అంటే సాయంత్రం షిఫ్టు దిగి నైట్ షిఫ్టు ఎక్కే వేళ. క్షతగాత్రులను యమునకు ఇటూ అటూ ఉన్న ఆస్పత్రులకు చేర్చినప్పుడు వాళ్లను అందుకున్నది అప్పుడే డ్యూటీ ఎక్కిన చేతులు. మామూలు రాత్రికి సరిపోని నర్సుల లెక్క అలాంటి రాత్రికి ఎలా సరిపోతుందో రోస్టర్ వేసేవాళ్లు ఆలోచించాలి.

ఈ ప్రాంతంలో వీధికొకటిగా ఉన్న చిన్న నర్సింగ్ హోముల సంగతి వేరే చెప్పాలి. నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆస్పత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదంది. ఆ మొత్తం ఈనాటికీ అందుకోని వాళ్లు మా సందులోనే ఉన్నారు. వాళ్లు ఏం చేస్తారు? పగలు ఇంకో క్లినిక్‌లో పనికి కుదురుతారు. లేదా 2020 నుంచి ఎయిమ్స్ పెడుతున్న నార్‌సెట్ పరీక్షకు పగలంతా చదువుతారు. అది గట్టెక్కితే నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం, సర్కారు జీతం. ఆ రాత్రి కుర్చీల మీద పడుకున్న సిస్టర్ పొద్దున నాతో అన్న మాట ఇది: “అక్కా, సాయంత్రం ఆరు దాకా క్లినిక్‌లో నిలబడే ఉన్నాను. తమ్ముడి ఫీజు కట్టాలి. లేపి ఉంటే లేచేదాన్ని కదా.” చార్టు సంగతి అడిగితే, “ఖాళీ వదిలితే మెమో ఇస్తారు కదక్కా” అంది.

ఆమె జవాబులో రెండు నేరాలు విడివిడిగా కనిపించాయి నాకు. నిద్రపోవడం ఒకటి, నిద్రపోలేదని రాయడం ఇంకొకటి. రెండోది నేను ఇప్పటికీ క్షమించలేను. అయితే అది పుట్టిన చోటు మాత్రం ఆ అమ్మాయి మనసు ఒక్కటే కాదు. పన్నెండు గంటల నైట్‌లో విశ్రాంతి సున్నా అని రోస్టర్ రాస్తుంది. అది ఎక్కడా అమలు కాదని ఇన్‌చార్జికి తెలుసు, సూపరింటెండెంట్‌కి తెలుసు. రోస్టర్ మొదటి అబద్ధం ఆడింది కాబట్టి చార్టు రెండో అబద్ధం ఆడి దానికి సరిపెట్టాల్సి వచ్చింది. రోగి ఈ రెండింటి మధ్యన పడ్డాడు.

నిద్ర సంగతిలో శరీరానికి మొహమాటం ఉండదు. మూడింటికీ ఐదింటికీ మధ్య ఒంటి వేడి బాగా పడిపోతుంది, చురుకుదనం అడుగంటుతుంది. అప్పుడే మందు లెక్కలు తప్పుతాయి. ఒంట్లో ఉండే ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది. ఏళ్ల తరబడి రాత్రి పనిచేయడం బహుశా క్యాన్సర్‌కు కారణమయ్యే వాటిలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో చెప్పి, 2019లో మళ్లీ ధ్రువపరిచింది. నాసా వాళ్లు దూరప్రయాణపు పైలట్ల మీద ఒక పరీక్ష చేశారు. మిగతా ఇద్దరూ విమానం నడుపుతుంటే ఒకరికి నలభై నిమిషాలు విశ్రాంతి ఇచ్చారు. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. లేచాక పనితీరు 34 శాతం, మెలకువ 54 శాతం మెరుగైంది. అందులో కీలకం నిమిషాల్లో కంటే ఏర్పాటులో ఉంది. ముందే అనుకున్న వేళకు, ఒకరి తర్వాత ఒకరు, బాధ్యత ఇంకొకరికి అప్పగించి పడుకున్నారు. గాఢనిద్రలోంచి అదాటున లేపితే బుర్ర పనిచేయడానికి పావుగంటో అరగంటో పడుతుందని కూడా నర్సులందరికీ అనుభవమే. చాటుగా పడుకున్న మనిషిని, రోగి గుండె ఆగినప్పుడు ఇచ్చే కోడ్ బ్లూకి లేపితే జరిగేది అదే.

ఈ సంగతిని తగవు స్థాయి నుంచి హక్కు స్థాయికి తెచ్చినవాళ్లు జపాన్ నర్సులు. అక్కడా ఒంటరి నైట్ డ్యూటీలే, నెలలో సగం రాత్రులే ఉండేవి. ప్రభుత్వ నర్సుల ఫిర్యాదు మీద 1965లో అక్కడి జాతీయ సిబ్బంది సంస్థ, రాత్రికి ఇద్దరు చొప్పున ఉండాలని, నెలకు ఎనిమిది రాత్రులకు మించకూడదని తేల్చింది. తీర్పు వచ్చినా అమలు నత్తనడక నడిచింది. 1968లో నీగాతా రాష్ట్ర ఆస్పత్రుల నర్సులు సంఘం తరఫున రోస్టర్ తామే వేసుకుని, దాని ప్రకారమే డ్యూటీకి వచ్చారు. ‘రెండు–ఎనిమిది’ పోరాటం అని దానికి పేరు. అది దేశమంతా పాకింది. ఈనాడు పదహారు గంటల నైట్ నడిపే జపాన్ ఆస్పత్రుల్లో మధ్యలో దాదాపు రెండు గంటల కునుకు డ్యూటీలో భాగంగానే ఉంటుంది. పదహారు గంటలు నేను సమర్థించను. అక్కడ నిద్రపోయిన నర్సు ఎవరికీ భయపడి చార్టు నింపనక్కర్లేదన్నది మాత్రం నేర్చుకోదగ్గది.

మన దగ్గర నర్సుల సంఖ్యకు కొలతలు లేకపోలేదు. జనరల్ వార్డులో బోధనాస్పత్రికి ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆస్పత్రికి ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు, సెలవుల కోసం మరో ముప్ఫై శాతం అదనం అని నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది. పదకొండు మందికి ఒకరిగా నిలబడ్డ ఆ రాత్రి నాకు ఆ కొలత బాగా తెలుసు. నర్సులు గొంతెత్తినప్పుడల్లా కొంత కదలిక వచ్చింది కూడా. 2020 జూన్‌లో, కోవిడ్ వేళ, ఎయిమ్స్ నర్సులు పీపీఈ కిట్‌లో నాలుగు గంటలకు మించి ఉంచొద్దని ధర్నా చేశారు. మనిషి ఒంటికి ఒక హద్దు ఉందని నర్సులే గంటల లెక్కన చెప్పిన సందర్భం అది.

విశ్రాంతికి గది కావాలన్న మాట దేశం చెవిన పడటానికి మాత్రం ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 9 తెల్లవారుజామున కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో, గంటల తరబడి డ్యూటీ చేసి సెమినార్ హాల్లో నడుం వాల్చిన వైద్యురాలిని చంపేశారు. ఆగస్టు 20న సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను వేస్తూ, రాత్రి డ్యూటీ వాళ్లకు సరైన విశ్రాంతి స్థలాలు లేవని, డ్యూటీ రూములు చాలా తక్కువని రాసింది. అది డాక్టర్ల కథగా దేశానికి తెలిసింది. గడియ లేని గదిలో, స్ట్రెచర్ మీద, స్టోర్‌లో దుప్పట్ల మూట మీద పడుకునే ప్రతి నర్సూ అందులో తనను చూసుకుంది.

మెలకువగా ఉన్న నర్సు విలువ కూడా మన దేశం చూసింది. అదే కోల్‌కతాలో 2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున అమ్రి ఆస్పత్రిలో మంటలు రేగి, పొగకు తొంభై మంది దాకా చనిపోయారు. కేరళ నుంచి వచ్చిన ఇద్దరు యువ నర్సులు, రమ్య రాజప్పన్, పి.కె. వినీత, తమ వార్డులోని ఎనిమిది మంది రోగులను బయటికి చేర్చి, ఇంకొకరి కోసం వెళ్లి ప్రాణాలు వదిలారు. రాత్రి మూడున్నరకు అంత చురుగ్గా ఉండగలిగిన మనుషులు మన వృత్తిలో ఉన్నారు. వాళ్లను పొగిడి ఊరుకోకూడదు. ఆ వేళకు ప్రతి నర్సూ అలా ఉండగలిగే ఏర్పాటు చేయాలి.

ఇప్పుడు నేను పనిచేసే వార్డులో మా ఇన్‌చార్జి సిస్టర్ ఒప్పుకోలుతో ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాత్రికి ముగ్గురం. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఉన్న వేళను మూడు వంతులు చేస్తాం. పడుకోబోయే నర్సు పడక పడకకూ తిరిగి, ఎవరికి బాటిల్ ఎప్పుడు అయిపోతుంది, ఎవరి షుగర్ ఎన్నింటికి చూడాలి అని రెండో నర్సుకు అప్పగిస్తుంది. పడుకునే వేళను డ్యూటీ పుస్తకంలో రాస్తాం. ఏదైనా పరీక్ష వేళ తప్పితే ‘చూడలేదు’ అనే రాస్తాం, ఎవరూ మెమో ఇవ్వరు. ఇది మొదలయ్యాక 120/80ల వరసలు ఆగిపోయాయి. తోటి నర్సు మీద కోపం కూడా మా వార్డులో చాలావరకు చల్లారింది. ఎవరి వంతు ఎప్పుడో తెలిస్తే దొంగతనం అనుకోవాల్సిన అవసరం రాదు.

ఒక ఇన్‌చార్జి మంచితనం మీద నిలబడ్డ పద్ధతి ఆమె బదిలీ అయిన రోజు పోతుంది. నర్సింగ్ కౌన్సిల్ రోగికీ నర్సుకూ కొలత పెట్టినట్టే రాత్రి విశ్రాంతికీ కొలత పెట్టాలి: పన్నెండు గంటల నైట్‌లో ఇంత సేపు, ఇద్దరికి తక్కువ కాకుండా నర్సులున్న చోట, లోపలి నుంచి గడియ పడే గదిలో, అప్పగింత రాసి. చిన్న నర్సింగ్ హోముకు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఆ గది ఉందో లేదో చూడాలి. అవన్నీ ఇచ్చాక కూడా తన వంతు కాని వేళలో రోగులను వదిలి పడుకున్న నర్సుకు మెమో ఇవ్వండి. తప్పుడు బీపీ రాసిన నర్సును సస్పెండ్ చేయండి. సాక్షి సంతకం కావాలంటే మొదటి సంతకం నేను పెడతాను.